ఇసుకలో గీసిన గుమ్మం

పోయినవారం డోర్కాస్‌ని మనం ఇసుకలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో గొడుగు, మొహంలో నవ్వాలో ఏడవాలో తేల్చుకోని తీరు.

కథ అక్కడిదాకా ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెప్పుకుందాం. డోర్కాస్ పెళ్ళయి కలకత్తా వచ్చిన నాటి నుంచి లిలువా రైల్వే క్వార్టర్లోనే కాపురం. భర్త యెషయా రైలుపెట్టెలు చేసే క్యారేజీ షాపులో వడ్రంగి మిస్త్రీ. ఏప్రిల్ ఆఖరుకి ఆయనకి రిటైర్మెంటు, ఆ వెంటనే క్వార్టరు అప్పజెప్పాలి. ఇక మిగిలిన జీవితం ఎక్కడ? చర్చికి ఆనుకుని ఉన్న జగ్గమ్మగారి మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుందామని డోర్కాస్ పట్టు. కాదు, సొంత ఇల్లు కట్టుకుందాం, అదీ కొత్తగా ప్లాట్లు వేస్తున్న సాల్ట్ లేక్‌లో కట్టుకుందామని యెషయా పట్టు. స్థలానికి సంతకం వచ్చేవారం పెట్టాలి. భార్య ఊఁ అంటేనే పెడతానని ఆయన నలుగురి ముందూ మాట ఇచ్చాడు. యెషయా మాట ఇచ్చాడంటే ఇక అది రాతి మీద చెక్కినట్టే. ఆయన గొప్పా అదే, ఆయనతో వచ్చిన చిక్కూ అదే.

"ఒక్కసారి ఇల్లు చూడు. ఆ తరవాత నీ ఇష్టం" అని శనివారం సగంపూట పని కాగానే ఆయన ఆవిణ్ణి బయల్దేరదీశాడు. హౌరాలో బస్సెక్కి, ఉల్టాడాంగాలో దిగి, రిక్షా కుదుర్చుకుని తీరా వచ్చి చూస్తే అక్కడ ఇల్లు లేదు. కనుచూపుమేర తెల్లటి ఇసుక, మధ్యలో నిటారుగా వేసిన తారురోడ్డు, దూరంగా నీళ్ళ ట్యాంకు, ఎండిన రెల్లు దుబ్బులు. అంతే. రిక్షావాడు కూడా ఈ ముసలాళ్ళిద్దరికీ మతి పోయిందేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసి మరీ వెళ్ళాడు.

ఈ కథలో ఇంకో పేరు కూడా ఉంది. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పైకి అనరు. సమయం వచ్చినప్పుడు ఆ పేరు దానంతటదే బయటపడుతుంది.

"ఏదండీ ఇల్లు?" అంది డోర్కాస్.

"ఇదే."

"ఇదేటి? ఇసుకే కదా."

"ఇసుకంటే మామూలు ఇసుక కాదు. హుగ్లీ అడుగునుంచి గొట్టాలెట్టి తోడి ఇక్కడ పోశారు. నిన్నమొన్నటి దాకా ఇదంతా ఉప్పునీళ్ళు. చేపలుండేవి. ఇప్పుడు మనుషులుండొచ్చు."

"చేపలు ఎక్కడికెళ్ళాయో వాటినే అడిగి మనమూ అక్కడికే పోదాం పదండి" అందావిడ.

యెషయా నవ్వలేదు. నవ్వుకి ఆయన కొంచెం ఆలస్యంగా వచ్చే మనిషి. సంచీ కింద పెట్టి అందులోంచి నూలుతాడు ఉండ, సున్నం డబ్బా, టేకు మేకులూ తీశాడు. షాపులో చెత్తలో పారేసే ముక్కల్ని చెక్కి, చివరలు నున్నగా చేసి తెచ్చుకున్న మేకులవి. నాలుగు మూలలా ముందే రాళ్ళు పాతి ఉన్నాయి. ఆ రాళ్ళ మధ్య ఆయన పంట్లాం మడిచి, చెప్పులు విడిచి, వంగి పనిలో పడ్డాడు. ఒక మేకు కొట్టడం, తాడు లాగడం, ఒక కన్ను మూసి చూడటం, తాడు పొడుగునా సున్నం జల్లుకుంటూ పోవడం. డోర్కాస్ గొడుగు కింద నిలబడి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు పని చేస్తుండగా ఆవిడ చూడటం ఇదే మొదలు. షాపులోకి ఆడవాళ్ళని రానివ్వరు. సైరను కూయగానే వెళ్ళే మనిషిని, సైరను కూశాక వచ్చే మనిషినే ఆవిడ ఎరుగును. మధ్యలో ఉండే ఈ మనిషి ఇంత తేలిగ్గా, ఇంత ముచ్చటగా కదులుతాడని ఆవిడకి తెలీదు. చూస్తూ చూస్తూ గొడుగు మడిచేసింది.

ఎండ ఉంది గాని పొడిచే ఎండ కాదు. ఫాల్గుణమాసపు గాలి అప్పుడే దక్షిణం నుంచి మొదలవుతోంది. కలకత్తాలో ఇల్లు అద్దెకిచ్చే ప్రతివాడూ ముందుగా అనే మాట ఒకటుంది, "దఖిన్ ఖోలా" అని. దక్షిణం వైపు తెరిచి ఉంది, గాలికి లోటుండదు అని దాని భావం. ఇక్కడ దక్షిణమే కాదు, అన్ని దిక్కులూ తెరిచే ఉన్నాయి. గాలి ఎటునుంచి కావాలంటే అటునుంచి వచ్చి, అడ్డేమీ లేక ఎటో వెళ్ళిపోతోంది.

గీతలు పూర్తయ్యాక డోర్కాస్ ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటండీ, ఇల్లు గీశారా, బోగీ గీశారా?"

"ఇల్లే. ఏం?"

"ఒకదాని పక్కన ఒకటి వరసాగ్గా గదులేటి? ఈ పక్కన పొడుగ్గా ఈ సందేటి?"

"నడవడానికి దారి. గదులన్నీ దీన్లోకే తెరుచుకుంటాయి."

"అయితే టిక్కెట్లు చూసేవోడు ఎక్కడ నిలబడతాడో అది కూడా గీసీయండి."

యెషయా నడుం నిటారు చేసుకుని తను గీసింది తనే కొత్తగా చూశాడు. నిజమే. ముప్పై ఏళ్ళకు పైగా పెట్టెలు చేసిన చెయ్యి, దాన్ని ఇల్లు గియ్యమంటే పెట్టే గీసింది. ఈసారి ఆయనకి నవ్వు సమయానికే వచ్చింది. నవ్వి నవ్వి ఇసుకలో చతికిలబడ్డాడు. ఆవిడా కూచుంది. ఆయన చేసిన పెట్టెలన్నీ ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి, ఒక్కటీ ఒకచోట నిలవలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తోచింది గాని ఎవరూ పైకి అనలేదు.

"తుడిచీసి మళ్ళీ గీద్దాం. ఈసారి నువ్వు సెప్పు" అన్నాడు.

నువ్వు చెప్పు అంటే ఏం చెప్పాలో డోర్కాస్‌కి తెలీలేదు. పుట్టింట్లో ఉన్నంతకాలం నాన్న చెప్పిన చోట పడుకుంది. కలకత్తా వచ్చాక రైల్వేవాళ్ళు ఇచ్చిన చోట వండింది. గోడల రంగు వాళ్ళది, వంటింటి గట్టు ఎత్తు వాళ్ళది, కిటికీ ఎటుండాలన్నది వాళ్ళ ఇష్టం. ఏ ఇంట్లో ఉంటే నీకు హాయిగా ఉంటుందే అని అడిగిన నాథుడు లేడు. అడక్కపోయేసరికి తనకీ ఒక ఇష్టం ఉంటుందన్న సంగతే ఆవిడ మరిచిపోయింది. ఇప్పుడు హఠాత్తుగా ఇంత ఖాళీ ఇచ్చి చెప్పమంటే, ఎక్కడ మొదలెట్టాలో తోచక ఒకసారి చుట్టూ తిరిగి చూసింది.

"వంటిల్లు ఇటేపు" అంది ఆఖరికి, చూపుడువేలితో చూపించి. "పొద్దున్నే ఎండ పడాలి. గట్టు నా నడుమెత్తుకి ఉండాలి. మన క్వార్టర్లో గట్టు ఏ పొడుగాటి దొరసాని కోసం కట్టారో గాని, నాకు భుజాలు పోతన్నాయి."

ఆయన గీశాడు. ఆవిడ చెప్పింది, ఆయన గీశాడు. కాసేపటికి ఆవిడ డబ్బా ఆయన చేతిలోంచి లాక్కుని తనే గీసింది. గీతలు వంకరపోయాయి. ఆయన ఆ వంకరల్ని సరిచెయ్యకుండా ఊరుకోవడానికి ఎంత అవస్థ పడ్డాడో ఆయనకే తెలుసు. వరండా వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కుర్చీలు వేసుకునేంత వరండా. పడగ్గది దక్షిణంవైపు వచ్చింది. తారురోడ్డు వైపు గుమ్మం వచ్చింది. గుమ్మం దగ్గర మాత్రం ఆయన డబ్బా తిరిగి తీసుకున్నాడు. రెండుపక్కలా మంచి టేకు మేకులు రెండు దిగ్గొట్టి, మధ్యలో సున్నం పడకుండా జాగ్రత్తగా ఖాళీ వదిలాడు.

"కరివేపాకు ఎక్కడ పెట్టుకుంటావు?" అన్నాడు.

"డబ్బా ఎక్కడైతే ఏటి? వంటింటి గుమ్మంలో పెట్టుకుంటాను."

"డబ్బా ఎందుకు? నేలలో నాటు."

డోర్కాస్ ఆయనకేసి చూసింది. రైల్వే కాలనీలో ఎవరూ నేలలో మొక్క నాటరు. ఎప్పుడు బదిలీ వస్తుందో, ఎప్పుడు క్వార్టరు మారుస్తారో తెలీదు గనక కరివేపాకైనా, కనకాంబరాలైనా నూనె డబ్బాల్లోనే పెంచుతారు. డబ్బా అయితే చంకన పెట్టుకుని వెళ్ళొచ్చు. ఆవిడ కరివేపాకు ఎన్ని డబ్బాలు మారిందో లెక్కలేదు. వేరు ముదిరి డబ్బాని చీల్చుకుని వచ్చిన ప్రతిసారీ ఆవిడకి ఆ మొక్క మీద జాలేసేది. ఇప్పుడు ఈ మనిషి నేలలో నాటు అంటున్నాడు. ఆ ఒక్కమాటకి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో చెట్టు ఉంటుంది. దాని నీడ గోడమీద కదులుతుంది. తను ముసలిదై మంచం పట్టినా ఆ చెట్టు అక్కడే ఉంటుంది. ఆవిడకి అది కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"ఇక్కడ" అని కాలిబొటనవేలితో ఇసుకలో చిన్న గుంట చేసింది.

అన్నం తినే వేళ దాటిపోయింది. యెషయా గీతమీంచి అడుగు దాటించి లోపలికి వెళ్ళి కూచున్నాడు. డోర్కాస్ మాత్రం క్యారియరు పట్టుకుని చుట్టూ తిరిగి, గుమ్మంలోంచి లోపలికి వచ్చి, వరండా దాటి, అన్నాలు తినే చోట కొంగుతో ఇసుక చదును చేసి కూచుంది. ఆయన అది చూశాడు.

"గుమ్మంలోంచి వచ్చావంటే ఒప్పుకున్నట్టేనా?"

"ముందు అన్నం తిననివ్వండి."

ప్రార్థన చేసుకుని తిన్నారు. మాగాయ కలిపిన అన్నం, వేయించిన ఎండుచేపలు. తింటుంటే గాలి వాళ్ళ పడగ్గదిలోంచి వచ్చి వంటింట్లోకి పోయింది. ఎక్కడా సైరను లేదు, షంటింగ్ ఇంజను కూత లేదు, పక్క క్వార్టర్లో రేడియో లేదు. ఇంత నిశ్శబ్దంలో నాకు నిద్దరే పట్టదు అని డోర్కాస్ ఇంటి దగ్గర చాలాసార్లు పోట్లాడింది. ఇప్పుడు మాత్రం పొట్టనిండా తిని, ఆ లేని గోడకి చేరగిలబడ్డట్టు కూచునే సరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్దరకీ మెలకువకీ మధ్య ఆ ఇల్లు లేచి నిలబడింది. గోడలకి లేత పసుపు రంగు. గచ్చు చల్లగా ఉంది. ఎవరో చిన్నపిల్ల గచ్చుమీద ఉత్తకాళ్ళతో టపటపా పరిగెడుతున్న చప్పుడు. ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, నీళ్ళ ట్యాంకు వైపు చూసింది.

అటు చూడటం అది మొదటిసారి కాదు. వచ్చినప్పటినుంచీ ఆవిడ అటు చూస్తూనే ఉంది. యెషయా అది గమనించలేదు, లేదా గమనించనట్టు ఊరుకున్నాడు.

అప్పుడు ఆవిడకి ఇంకో గది కనిపించింది.

వాళ్ళిద్దరూ కలిసి గీసిన గదులు కావలసినన్ని ఉన్నాయి. ఇది మాత్రం ఆవిడ కునుకు తీస్తుండగా ఆయన ఒక్కడే గీశాడు. తూర్పుకొసన, చిన్నగా, నాలుగువైపులా తిన్నగా. కిటికీ ఉండేచోట రెండు మేకులు పాతి మధ్యలో తాడు కట్టాడు. మిగతా గదుల్లోనూ కిటికీలకి అలాగే పొడుగు మేకులు పాతి తాడు కట్టాడు, గట్టు ఎంత ఎత్తులో వస్తుందో తెలియడానికి. వాటి తాళ్ళు నిలబడ్డ మనిషి నడుం దాకా వస్తాయి. ఈ గది తాడు మాత్రం మోకాలి మీదికి కూడా రాలేదు.

డోర్కాస్ లేచి వెళ్ళి ఆ తాడు పక్కన ఇసుకలో కూచుంది. కూచుంటే మోచెయ్యి సరిగ్గా తాడుమీద ఆనింది. గడ్డం అరచేతిలో పెట్టుకుంటే రోడ్డూ, రెల్లూ, ఆకాశం అన్నీ కనిపించాయి. రైలుపెట్టెలో కిటికీ ఎత్తు అది. బెంచీమీద కూచున్న చిన్నపిల్లకి బయటంతా కనబడే ఎత్తు.

"ఈ గదేటండీ?" అంది, వెనక్కి తిరక్కుండా.

"పనిముట్లకి. రంపాలు, చిత్రికలు పెట్టుకోవాలి కదా."

"మీ రంపాలు కూచుని కిటికీలోంచి చూస్తాయేటి?"

యెషయా మిగిలిన తాడు ఉండ చుట్టడంలో పడ్డాడు.

ఏడాదికోసారి పాసుమీద విజయనగరం వెళ్ళేటప్పుడు కిటికీ దగ్గర్నించి ఒక్క క్షణం కదలని పిల్ల ఒకతి ఉండేది. కళ్ళలో బొగ్గునలుసు పడినా కదిలేది కాదు. ఇంటికి తిరిగొచ్చాక క్వార్టర్లో కిటికీ కింద కూచుని, ఇంటికి కిటికీలు ఎందుకు నాన్నా ఇంతెత్తు, కూచుంటే ఏటీ కనబడదు అని ఏడిచేది. ఆ పిల్ల పేరు లిల్లీ. వాళ్ళకి ఒక్కతే కూతురు. పెద్దయి నర్సయింది. తపన్ అనే బెంగాలీ కుర్రాణ్ణి ఇష్టపడి, చర్చిలో కాకుండా రిజిస్ట్రీలో పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన సాయంత్రం ఇద్దరూ సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని క్వార్టరు మెట్లెక్కారు. చర్చిలో సంఘపెద్ద అయిన యెషయా గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇరుగుపొరుగు వింటుండగా ఒక మాట అన్నాడు. "ఇక నా గుమ్మం తొక్కకు." లిల్లీ తొక్కలేదు. ఆమె కూడా ఆ తండ్రి కూతురే.

అప్పట్నుంచీ డోర్కాస్ కూతుర్ని హౌరా స్టేషన్లో పెద్దగడియారం కింద కలుసుకుంటోంది. పుట్టిన మనవరాల్ని ఎత్తుకున్నదీ అక్కడే. మార్కెట్‌కి అని చెప్పి వెళ్ళి, కూరలు లేకుండా తిరిగొస్తుంది. కూరలేవీ అని యెషయా ఎప్పుడూ అడగలేదు.

"ఒక మాట సెప్తాను, కోపగించుకోకండి" అంది డోర్కాస్. "జగ్గమ్మ మేడ కావాలని నేను ఎందుకు పట్టుపట్టానో మీకు తెలుసునా?"

"చర్చి దగ్గరని."

"కాదు."

"సైరను వినబడకపోతే నిద్దర పట్టదని."

"అది మీకు సెప్పిన మాట. అసలు సంగతి వేరు." ఆవిడ ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదిలింది. "ఆ ఇంటి గుమ్మం జగ్గమ్మది. మెట్లు జగ్గమ్మవి. లిల్లీ జగ్గమ్మ ఇంటికొస్తే వద్దనడానికి మీరెవరు? కింద జగ్గమ్మ గదిలో దాన్ని కూచోబెట్టి, నేను మెట్లు దిగి ఎల్దామనుకున్నాను. మీ మాట మీకుంటుంది, నా కూతురు నాకుంటుంది. జగ్గమ్మతో మాటాడీసాను కూడా."

ఇన్ని వారాలుగా మనం అనుకున్నదేమిటి? ఆవిడకి పాత చోటుమీద మమకారమనీ, కొత్త చోటంటే భయమనీ. కాదు. సొంత గుమ్మమంటేనే ఆవిడకి భయం. సొంత గుమ్మం ఉంటే యెషయా మాట వచ్చి దానిమీద కూచుంటుందని భయం.

"ఈ ఇల్లు నాకు నచ్చింది" అంది మళ్ళీ. "అబద్ధం ఎందుకు, ఇంత ఇష్టం నాకు దేనిమీదా కలగలేదు. ఆ చెట్టు, ఆ వంటిల్లు... కాని నా కూతురు రాకూడని ఇంట్లో నేనుండను. మీరు అందులో ఎంత మంచి కిటికీ పెట్టినా సరే, ఉండను."

యెషయా వచ్చి గీతకి అవతల, కిటికీ బయట కూచున్నాడు. తాడుకి ఇటు ఆవిడ, అటు ఆయన.

"మొన్న ఆఫీసువాళ్ళొచ్చి సెప్పి వెళ్ళారు" అన్నాడు మెల్లిగా. "క్వార్టరు అప్పజెప్పే రోజు బల్బులు, కుళాయిలు, గొళ్ళేలు, తలుపులు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి తీసుకుంటారట. గుమ్మం చెదపట్టలేదు కదా అని దానిమీద తట్టి చూశాడు ఒకాయన. నేను పక్కనే నిలబడ్డాను. అప్పుడు తోచింది డోర్కాసూ. ఆ గుమ్మం నాది కాదు. రైల్వేది. నాది కాని గుమ్మంమీద నిలబడి నా గుమ్మం తొక్కకు అనీసాను."

ఆవిడ తాడుమీంచి ఆయనవైపు వంగింది.

"మాట మాటే. అనలేదని అనలేను. ఆ క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ అది నన్ను కట్టీసింది. కాని ఆ గుమ్మాన్ని వాళ్ళకి అప్పజెప్పిన రోజున, దానిమీద అన్న మాట కూడా అక్కడే వదిలీసి వస్తాను. కుళాయిలతో పాటే అదీను. ఇక్కడికి తీసుకురాను. అందుకే నాకు అద్దెకొంప ఒద్దు. నాదంటూ ఒక గుమ్మం కావాలి. అక్కడ నిలబడి ఈసారి..."

తాడుమీద ఉన్న ఆయన చేతిమీద డోర్కాస్ చెయ్యి వేసింది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ పిల్లకోసమే ఇల్లు వెతుకుతూ, ఇన్నాళ్ళూ ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కాని ఆ సంతోషం ఆవిడ దగ్గర ఎక్కువసేపు నిలవలేదు.

"అప్పజెప్పేది ఏప్రిల్ ఆఖర్న కదా" అంది.

"అవును. ఇంకెంత, నెలన్నర. ఇన్నేళ్ళు ఆగలేదూ?"

"అప్పటికి లిల్లీ ఇక్కడుండదు."

యెషయా తల ఎత్తాడు.

"తపన్‌కి గౌహతి బదిలీ అయింది. ఎల్లుండి బండికి వెళ్ళిపోతన్నారు, సామాన్లు కట్టీసారు. మళ్ళీ ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలీదు. మొన్న గడియారం కింద సెప్పింది. ఎలా సెప్పాలో తెలీక మీకు సెప్పలేదు."

యెషయా తాడుమీంచి చెయ్యి తీసేశాడు. ఆ చిన్నగదిలోకి చూశాడు. ఎవరూ రాని గదికి అంత శ్రద్ధగా కిటికీ కట్టిన తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఇంకోటి కూడా సెప్పాలి. వెళ్ళేలోగా అమ్మా నాన్నా ఉండబోయే ఇల్లు ఎలాగుంటుందో దూరం నుంచి ఒక్కసారి చూస్తానంది. నీళ్ళ ట్యాంకు దగ్గరికి రమ్మన్నాను. ఇవాళే. అవతల గోడ పక్కన నిలబడి చూసి పోతుందిలే అనుకున్నాను. ఇక్కడ దాక్కోడానికి ఒక్క గోడైనా లేదని నాకేం తెలుసు?"

అప్పటికే రోడ్డుమీద రిక్షా ఒకటి వస్తోంది. అంత ఖాళీలో అదొక్కటే కదులుతోంది. అది ట్యాంకు దగ్గర ఆగింది. అందులోంచి నీలంచీర కట్టుకున్న మనిషి దిగింది. చెయ్యి పట్టుకుని చిన్నపిల్ల దిగింది. వాళ్ళకి ఇల్లు కనిపించలేదు. ఇసుకలో కూచున్న ఇద్దరు మాత్రం స్పష్టంగా కనిపించి ఉంటారు. నీలంచీర అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. వెనక్కి తిరుగుతుందని డోర్కాస్ భయపడింది. తిరగలేదు. చిన్నపిల్ల చెయ్యి లాగుతుంటే మెల్లిగా నడుచుకుంటూ ఇటే వచ్చింది.

"ఇది క్వార్టరు కాదు కదండీ" అంది డోర్కాస్ గొంతు తగ్గించి. "ఇక్కడ ఆ మాట లేదు కదా?"

యెషయా లేచి నిలబడ్డాడు. ఇందాక సగంలో ఆపిన మాట ఇప్పుడు కూతురి ముందే చెప్పాలి. క్వార్టరు అప్పజెప్పి, ఇక్కడ గోడలు లేచాక, మంచి చొక్కా తొడుక్కుని చెప్పాలనుకున్న మాట అది. ఇలా ఉత్తకాళ్ళతో, చేతులనిండా సున్నంతో చెప్పాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు. ఆయన దవడ బిగుసుకోవడం డోర్కాస్ చూసింది. ఆ సాయంత్రం క్వార్టరు గుమ్మంలోనూ ఆ దవడ ఇలాగే బిగుసుకుంది. అది కోపమో, ఏడుపుని ఆపుకోవడమో ఇన్నేళ్ళయినా ఆవిడకి తేల్చుకోవడం చేతకాలేదు.

సాయంత్రమయ్యే కొద్దీ గాలి పెద్దదైంది. వంటింటి గీత అప్పటికే సగం చెరిగిపోయింది. వరండా ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గుమ్మం దగ్గరి టేకు మేకుల్లో ఒకటి ఒరిగి ఇసుకలో పడిపోయింది. సున్నం అంతా పొగలా లేచి ఎటో పోతోంది.

లిల్లీ మిగిలిన కాస్త గీత దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకొక్క అడుగు వేస్తే లోపల. వెయ్యలేదు. చెంపలు కొంచెం లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం ఆ రైలుకిటికీ కళ్ళే. పిల్ల తల్లి చీర వెనక దాక్కుని, తెల్లగా మాసిన చేతుల ముసలాయన్ని వింతగా చూస్తోంది.

"ఎ కే, మా?" అంది పిల్ల. ఈయనెవరమ్మా అని.

లిల్లీ బెంగాలీలో జవాబు చెప్పలేదు. తండ్రి మొహంలోకి సూటిగా చూస్తూ, తెలుగులోనే అంది.

"గీతలు చెరిగిపోయాయి నాన్నా. గుమ్మం ఎటేపో నాకు తెలవడం లేదు. మీ గుమ్మం తొక్కకుండా ఎటునుంచి రావాలి?"

ఇటే తల్లీ, ఇటే రా అని డోర్కాస్ నోటిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. ఇన్నేళ్ళూ ఆయన చెప్పాల్సిన మాటలన్నీ తనే చెప్పుకుంటూ వచ్చింది. ఈ ఒక్కటి మాత్రం ఆయనే చెప్పాలి. లేకపోతే ఆ ఇల్లు కట్టీ ప్రయోజనం లేదు.

యెషయా వంగి సున్నం డబ్బా అందుకున్నాడు. అడుగున ఇంకా ఒక్క పిడికెడు ఉంది. కూతురు నిలబడ్డ చోటికి వచ్చి, ఆమె పాదాల ముందు ఇసుకలో మోకాళ్ళమీద కూచున్నాడు. డబ్బాలోంచి పిడికిలి బయటికి తీశాడు. గుమ్మాన్ని తెరిచి గీస్తాడో, మూసేసి గీస్తాడో డోర్కాస్‌కి తెలియలేదు. గాలి కాసేపు ఆగింది. ఆయన చెయ్యి ఇసుకమీదికి దిగింది.